"మైక్ ఆన్ చేస్తే అమ్మాయినని తెలిసిపోతుందమ్మా"

ప్రశ్న: మా బాబుకి 14, పాపకి 11, ఇద్దరూ ఒకే ఆన్‌లైన్ గేమ్ ఆడతారు. ఈమధ్య పాప ఐడీకి అబ్బాయి పేరు పెట్టుకుంది, మైక్ ఆఫ్ చేసుకుని ఆడుతోంది. ఎందుకే అంటే "అమ్మాయినని తెలిస్తే తిడతారమ్మా" అంది. బాబేమో "అమ్మాయిలు హీలర్ (దెబ్బతిన్న టీమ్‌వాళ్ళని బాగుచేసే పాత్ర) తీసుకుని వెనకాల ఉంటే చాలు" అంటున్నాడు. గేముల్లో ఆడవాళ్ళని చూపించే తీరు వల్లేనా ఇదంతా? గేమ్స్ మాన్పించెయ్యాలా? – ఒక తల్లి

జవాబు: మాన్పించొద్దండి, ముఖ్యంగా పాపని అస్సలు మాన్పించొద్దు. తిట్టేది ఎవరో అయితే ఆట పోగొట్టుకునేది తనా?

బాబు మాట గాల్లోంచి రాలేదు. 1981లో డాంకీ కాంగ్, 1985లో సూపర్ మారియో, రెండిట్లోనూ అమ్మాయిని ఎవరో ఎత్తుకుపోతారు, అబ్బాయి వెళ్ళి తెస్తాడు, అంతే కథ. 1986లో మెట్రాయిడ్ వచ్చింది, కవచం వేసుకుని పోరాడింది ఆడమనిషని ఆట చివర్లో తెలుస్తుంది, ఎంత బావుందో కదా, కానీ గంటలోపు ముగిస్తే ఆమె బికినీలో కనిపిస్తుంది, అంటే బాగా ఆడినందుకు అదీ బహుమతి! నాకు ఇప్పటికీ బాధేస్తుంది. టూంబ్ రైడర్ గేమ్ హీరోయిన్, 1996 నాటి లారా క్రాఫ్ట్‌ని 2013లో మామూలు మనిషిలా మళ్ళీ తయారుచేశారు, 2017లో హొరైజన్ జీరో డాన్ గేమ్‌లో ఏలాయ్ అనే అమ్మాయే హీరోగా వచ్చింది, కాబట్టి మార్పైతే ఉంది.

మరి ఇవి చూసి పిల్లలు అలాగే తయారవుతారా అంటే, అంత సూటిగా చెప్పలేం. ఫ్రాన్స్‌లో 11 నుంచి 19 ఏళ్ళ పిల్లలు 13 వేలమందికి పైగా పాల్గొన్న సర్వే 2017లో వచ్చింది, అందులో గేమ్స్ ఆడే టైముకీ ఆడవాళ్ళని తక్కువగా చూసే ఆలోచనకీ సంబంధం కనిపించింది కానీ చాలా చిన్నది. జర్మనీలో మూడేళ్ళపాటు గమనించి 2015లో వేసిన పేపర్లో అసలు సంబంధమే దొరకలేదు. అందుకే బాబుని గేమే చెడగొట్టేసిందని అనుకోకండి, ఇంట్లో, స్కూల్లో, ఫ్రెండ్స్ దగ్గర విన్నదే గేమ్‌లో కూడా కనిపించేసరికి అది నిజమని గట్టిగా అనిపిస్తుంది.

నాకు ఎక్కువ భయం పాప చెప్పిన విషయంలోనే. హాలో 3 ఆటలో రికార్డ్ చేసిన ఆడగొంతు, మగగొంతు వినిపించి చూశారు కొందరు పరిశోధకులు, మాటలు అవే అయినా ఆడగొంతుకి దాదాపు మూడు రెట్లు ఎక్కువ చెడ్డ కామెంట్లు వచ్చాయి. పాప ఊహించుకుని భయపడట్లేదండి, తను చెప్పింది నిజం. ముందు ఆ మాట తనతో అనండి.

ఇక మీరు ఒక సాయంత్రం ఇద్దరి పక్కనా కూర్చోండి, క్లాస్ పీకకుండా ఊరికే చూడండి. ఈ గేమ్‌లో అమ్మాయి క్యారెక్టర్లు ఏం చేస్తాయి, కథ ఎవరు నడిపిస్తారు, వాళ్ళ కవచం అబ్బాయిలకంటే ఎందుకు చిన్నగా ఉంది అని బాబునే అడగండి, వాడే చెప్తాడు, పిల్లలకి కళ్ళుంటాయి. తిట్టినవాళ్ళని మ్యూట్, బ్లాక్, రిపోర్ట్ చెయ్యడం పాపకి నేర్పించండి. అబ్బాయి పేరు మార్చుకోమని మాత్రం బలవంతపెట్టకండి, అది తన ఇష్టం. బాబుకి ఒక్క పని అప్పచెప్పండి: చెల్లి మైక్ ఆన్ చేసినప్పుడు ఎవరైనా వాగితే, ఆపరా అని ముందు వాడు అనాలి. అదే టీమ్‌లో ఉండే అబ్బాయి అంటే ఆ మాటకి బరువుంటుంది. వారం తర్వాత పాప ఏమందో నాకు మళ్ళీ రాయండి.