రెట్టింపు ధర పెట్టి మూడేళ్ల సెడాన్ కొనాలా?

ప్రశ్న: ఒకే మోడల్ సెడాన్లు రెండు చూశాను. ఒకటి తొమ్మిదేళ్లది, ఇంకోటి మూడేళ్లది. రెండోదాని ధర సరిగ్గా రెట్టింపు. పాతది కొంటే చేతిలో కొంత మిగులుతుంది. రెండోదానికి ఉన్నదంతా పెట్టి, పైన నాలుగేళ్ల లోన్ తీసుకోవాలి. నెలకు 600 కిలోమీటర్లు దాటి తిరగను. ఏది కొనమంటారు?

జవాబు: పాతది 100, రెండోది 200, మీ దగ్గరున్నది 120 అనుకుందాం. నాలుగేళ్లు వాడి అమ్మితే పాతదానికి 40, రెండోదానికి 110 వస్తాయనుకోండి. ఇవి నా అంచనాలే, మీ మోడల్ రేట్లు పెట్టి మళ్లీ లెక్కేసుకోండి. పాతదాని మీద ఏడాదికి 15 పోతుంది, రెండోదాని మీద 22.5. తక్కువపడ్డ 80కి 11 శాతం వడ్డీకి లోన్ తీసుకుంటే నాలుగేళ్లలో వడ్డీయే 19 దాటుతుంది, అంటే ఏడాదికి ఇంకో 5. మొత్తం 27.5.

తేడా 12.5. పాత కారు రిపేర్లు రెండోదాని రిపేర్ల కన్నా ఏటా అంతకు మించి ఎక్కువైతేనే మీరు నష్టపోయినట్టు. మీ తిరుగుడుకి అంత అవుతుందనుకోను. కాబట్టి నా ఓటు పాతదానికే. కాకపోతే మిగిలే 20ని సీట్ కవర్లకీ మ్యూజిక్ సిస్టమ్‌కీ తగలేయకండి, అది రిపేర్ల డబ్బు. పిల్లలతో తరచూ హైవే ఎక్కేవాళ్లైతే మాత్రం ఎయిర్‌బ్యాగులు, స్టెబిలిటీ కంట్రోల్ (కారు అదుపు తప్పి జారకుండా పట్టే ఏర్పాటు) ఏ కారులో ఉన్నాయో ముందు చూడండి. అక్కడ ఈ లెక్కలు పనికిరావు.

చూడటానికి వెళ్లినప్పుడు ఇంజిన్ ముందే స్టార్ట్ చేసి ఉంచొద్దని చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి, వెచ్చగా ఉంటే ఎందుకని అడగండి. చల్లటి ఇంజిన్ దాచలేని శబ్దాలు కొన్ని ఉంటాయి. టైరు పక్క గోడ మీద నాలుగు అంకెలు వెతకండి: 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. గాడులు బాగానే ఉన్నా రబ్బరు ముసలిదవుతుంది. మీటరు తక్కువ కిలోమీటర్లు చూపిస్తూ బ్రేక్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి ఉంటే, నేనైతే పెడల్‌నే నమ్ముతాను.

ఇంజిన్‌కి టైమింగ్ బెల్ట్ (వాల్వులు సరైన సమయానికి తెరుచుకుని మూసుకునేలా చూసే బెల్ట్) ఉంటే ఎప్పుడు మార్చారో బిల్లు చూపమనండి. అది తెగితే చాలా ఇంజిన్లలో వాల్వులు వంగిపోతాయి. బిల్లు లేదంటే బెల్ట్ మార్చే ఖర్చు తీసేసి బేరం మొదలెట్టండి.