బీపీ చేతికి చూస్తే సరిపోదా?

ప్రశ్న: మా అబ్బాయికి 26 ఏళ్లు. ఉద్యోగంలో చేరేముందు చేసిన పరీక్షల్లో బీపీ 160/100 వచ్చింది. పెద్ద డాక్టరుగారికి చూపిస్తే రెండు చేతులకూ, ఒక కాలికీ బీపీ చూశారట. గజ్జల్లో వేళ్లు పెట్టి చూశారట, పొట్ట మీద స్టెతస్కోప్ పెట్టి విన్నారట, కళ్లలోకి లైటు వేశారట. బీపీకి ఇవన్నీ ఎందుకండీ? ఇంకేదైనా జబ్బుందేమోనని ఒకటే టెన్షన్.
- ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, మీవాణ్ణి ఆ డాక్టరుగారు శ్రద్ధగా చూశారు. అరవై ఏళ్లాయనకు బీపీ వస్తే చాలాసార్లు ఫలానా కారణమని చెప్పలేం. ఇరవైల్లో వస్తే మాత్రం కారణం వెతకాల్సిందే.

నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు తలనొప్పితో ఒక కుర్రాడు వచ్చాడు. ఏడాదిగా బీపీ మాత్రలు మింగుతున్నాడు, తగ్గలేదు. మా ప్రొఫెసరుగారు ఒక చేత్తో అతని మణికట్టు దగ్గర, ఇంకో చేత్తో గజ్జల్లో నాడి పట్టుకుని చూసి, నన్నూ చూడమన్నారు. పైన బలంగా కొట్టుకుంటోంది. కింద నీరసంగా, కాస్త ఆలస్యంగా అందుతోంది. గుండె నుంచి కిందికి దిగే పెద్ద రక్తనాళం పుట్టుకతోనే ఒకచోట సన్నబడి ఉంది. అందుకే చేతిలో బీపీ ఎక్కువ, కాలిలో తక్కువ. ఏడాదిపాటు ఎవరూ అక్కడ చెయ్యి పెట్టి చూడలేదు! అప్పటినుంచి చిన్న వయసు బీపీ పేషెంటును గజ్జల్లో నాడి చూడకుండా నేను పంపలేదు.

పొట్ట మీద వినేది కిడ్నీకి వెళ్లే రక్తనాళం కోసం. అది సన్నబడితే బొడ్డుకు కాస్త పైన, పక్కగా 'ఉస్సు ఉస్సు'మని వినిపించవచ్చు. వినిపించకపోయినా అనుమానముంటే స్కానింగ్ రాస్తాం. కళ్లలో చూసేది కారణం కోసం కాదు, నష్టం కోసం. కోత లేకుండా రక్తనాళాలు నేరుగా కనపడే చోటు కంటి వెనక పొర. బీపీ దెబ్బ తగిలితే అక్కడ తెలుస్తుంది.

అన్నట్టు, ఆ 160/100 ఎలా చూశారో అడగండి. వచ్చీరాగానే చూశారా, 5 నిమిషాలు కూర్చోబెట్టాకా? టీ తాగి అరగంటైనా అయిందా? మీవాడు లావుగా ఉంటే చేతికి పెద్ద పట్టీ కట్టాలి. చిన్నది కడితే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఒక వారం ఇంట్లోనే పొద్దున, సాయంత్రం చూసి నోట్‌బుక్‌లో రాయించండి. ఇంట్లో సగటున 135/85, అంతకంటే ఎక్కువ ఉంటే అది బీపీయే. ఆ పుస్తకంతో పాటు అతను వాడే నొప్పి మాత్రలు, జిమ్‌లో ఇచ్చిన పౌడర్లు ఏవైనా ఉంటే అవి కూడా డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లమనండి.