చెరువుతల్లి వానతల్లికి బిడ్డా, చెల్లెలా?

తమ్మీ, నీ నవలలో చెరువుతల్లి రెండో అధ్యాయంలో వానతల్లికి బిడ్డ, తొమ్మిదో అధ్యాయానికి చెల్లెలు అయిందని టెన్షన్ పడుతున్నావు. ఏదీ కొట్టేయకు. ఏ మాట ఏ ఊరిదో చెప్పు, చాలు.

మన మూసీ అనంతగిరి గుట్టల్లో పుట్టి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. నీ లోకంలోనూ అలాంటి ఏరు ఒకటి పెట్టు. గుట్ట కింది ఊరికి వాన పడితేనే చెరువు, కాబట్టి వాన తల్లి. సంగమం దగ్గరి ఊరికి నీళ్లు రెండు దిక్కుల నుంచి వస్తాయి, వాళ్లకు ఇద్దరూ అక్కాచెల్లెళ్లు.

వరసను మొక్కులో చూపించు. మన దగ్గర కట్టమైసమ్మ చెరువు కట్ట మీదే ఉంటుంది: తూము పక్కన ఒక రాయి, దానికి పసుపు, కుంకుమ, ఓ వేపమండ. పోతరాజు అమ్మవార్లకు తమ్ముడు, అందుకే గుడి ముందు కాపలా. రాయి ఎక్కడ నిలిచిందో చూస్తే చుట్టరికం తెలిసిపోతుంది. నీ మొదటి ఊర్లో వానతల్లి గుడి నుంచి చెరువుతల్లికి ఒడిబియ్యం పోయించు, బిడ్డ అని వేరే చెప్పక్కర్లేదు. రెండో ఊర్లో ఇద్దరికీ ఒకేసారి బోనం ఎత్తించు.

నీ నవలలోని రాతి దేవుడు బండదేవరను మాత్రం వానకు కొడుకుగా ఉంచకు. బండ లేనిదే నీళ్లు నిలవవు, ఆయనే ముందు పుట్టాలి. వానకు అన్నను చెయ్యి. అప్పుడు ఒక ఊర్లో చెరువుకు మేనమామ, ఇంకో ఊర్లో అన్న.

ఆ రెండు ఊర్లవాళ్లు జాతరలో ఎదురుపడే సీన్ రాసి పెట్టు, చదువుతా.