భాగస్వామ్య సంస్థలు ఏం నేర్చుకున్నాయో కొలవడం కూడా ఒక ఉద్యోగమేనా?

ప్రశ్న: మా అమ్మాయి స్టాటిస్టిక్స్‌లో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతోంది. అంతర్జాతీయ అభివృద్ధి ప్రాజెక్టుల్లో కలిసి పనిచేసే సంస్థలు ఒకదాని నుంచి ఒకటి ఏం నేర్చుకుంటున్నాయో అంచనా వేసే పనిలోకి వెళ్తానని, అందుకోసం విదేశంలో డెవలప్‌మెంట్ స్టడీస్‌లో పీజీ చేస్తానని అంటోంది. డేటా సైన్స్‌లో చేరమని మేము నచ్చజెబుతున్నాం. అసలు ఇది ఉద్యోగమేనా? రెండింటిలో ఏది మేలో పోల్చి చెప్పగలరు. (ఒక తండ్రి)

జవాబు: పేరు చెప్పగానే అర్థం కాని ఉద్యోగాల గురించి తల్లిదండ్రులు రాసే ఉత్తరాలన్నింటిలోనూ రెండు భయాలు కనిపిస్తాయి. నలుగురు అడిగితే ఏమని చెప్పుకోవాలన్నది మొదటిది. రేపు ఆ పనే లేకుండా పోతే పిల్ల పరిస్థితి ఏమిటన్నది రెండోది. మొదటి దానికి నా దగ్గర జవాబు లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు. రెండోది మాత్రం నిజమైన భయం కాబట్టి దానితోనే మొదలుపెడతాను.

1961లో ఏర్పడి, ఈ రంగంలో అత్యధికంగా నిధులు ఖర్చు చేసిన సంస్థల్లో ఒకటైన అమెరికా ప్రభుత్వ సహాయ సంస్థ యూఎస్‌ఎయిడ్, మిగిలిన కార్యక్రమాలను విదేశాంగ శాఖకు అప్పగించి 2025 జూలై 1 నుంచి విదేశీ సహాయం అమలు చేయడం మానేసింది. తన సహాయాన్ని 2027 నాటికి జాతీయాదాయంలో 0.5 శాతం నుంచి 0.3 శాతానికి తగ్గిస్తానని బ్రిటన్ కూడా అదే ఏడాది ప్రకటించింది. భాగస్వాములు కలిసి నేర్చుకోవడాన్ని ఒక పద్ధతిగా ప్రోత్సహించిన పెద్ద సంస్థల్లో యూఎస్‌ఎయిడ్ ఒకటి కాబట్టి, ఆ దెబ్బ మీ అమ్మాయి ఎంచుకున్న పనికి నేరుగా తగిలింది. ఈ సంగతి దాచి, ఈ రంగంలో అవకాశాలకు కొదవ లేదని చెప్పే కరపత్రాలను నమ్మవద్దు.

అయినా మీరు అడగవలసిన ప్రశ్న, ఈ పనిలో పట్టు సాధించిన మనిషికి ఏం చేతనవుతుందన్నది. యూఎస్‌ఎయిడ్ కోసం 1969లో తయారైన లాగ్‌ఫ్రేమ్ అనే పట్టిక నేటికీ ఎన్నో ప్రాజెక్టులకు ఆధారం. ఏ పని చేస్తే ఏ ఫలితం వస్తుందో, దాన్ని ఏ సూచికతో కొలవాలో ఆ పట్టిక చెబుతుంది. దాత దేశాల వేదిక అయిన ఓఈసీడీ అభివృద్ధి సహాయ కమిటీ 1991లో రూపొందించిన ఐదు మూల్యాంకన ప్రమాణాలకు 2019లో పొందిక (ఇతర కార్యక్రమాలతో ఎంతవరకు కుదురుతుందన్నది) అనే ఆరోది చేరింది. ఇవన్నీ ప్రాజెక్టు ఏం సాధించిందని అడుగుతాయి. కలిసి పనిచేసిన సంస్థల ఆలోచనలో ఏం మారిందని అడిగే గడి మాత్రం సాధారణంగా ఎక్కడా ఉండదు. అందుకే నివేదికల్లో ఆ చోట ఎన్ని ఉమ్మడి సమావేశాలు జరిగాయో, ఎందరు హాజరయ్యారో రాసి ఊరుకుంటారు. హాజరు పట్టీలో సంతకం పెట్టినంత మాత్రాన ఎవరూ ఏదీ నేర్చుకున్నట్టు కాదు.

ఇప్పుడు ఈ పనిలోనే ఉన్న నా పాత విద్యార్థిని ఒకరు ఒకసారి నాకు రెండు కాగితాలు చూపించారు. రెండూ ఒకే ప్రాజెక్టు సర్వే ప్రశ్నావళులు, ఏడాది తేడాతో తయారైనవి. మొదటి దానిలో నీటి పథకం చూసే సంస్థ, ఇంటికి నీళ్లు ఎంత సేపు వస్తున్నాయని ఇంటి యజమానినే అడిగింది. రెండో దానిలో ఆ ప్రశ్న కొట్టేసి ఉంది. దాని స్థానంలో, నీళ్లు పట్టే మనిషిని వెతికి అడగాలన్న సూచన ఉంది. ఆ మార్పు ఎక్కడి నుంచి వచ్చిందని ఆమె వెనక్కి వెతుక్కుంటూ వెళితే, ఆరోగ్య కార్యక్రమం నడిపే భాగస్వామ్య సంస్థ కార్యకర్త ఒకరు మధ్యాహ్న విరామంలో అన్న ఒక మాట దగ్గర తేలింది. ఆ మాట ఏ సమావేశపు మినిట్స్‌లోనూ లేదు. ఒక నిర్ణయం పట్టుకుని దాని మూలం దాకా వెళ్లడం, అది మాట దగ్గర ఆగిందా, పద్ధతి మారిందా, అసలు సమస్యను చూసే చూపే మారిందా అని తేల్చడం ఈ పనికి ప్రాణం. పద్ధతిని సరిదిద్దుకోవడానికీ, ఆ పద్ధతి వెనకున్న నమ్మకాన్నే సరిదిద్దుకోవడానికీ ఉన్న తేడాను క్రిస్ ఆర్గిరిస్, డొనాల్డ్ షాన్ అనే పండితులు 1970లలోనే వివరించారు. కెనడాకు చెందిన అంతర్జాతీయ అభివృద్ధి పరిశోధన కేంద్రం (ఐడీఆర్‌సీ) 2001లో ప్రచురించిన అవుట్‌కమ్ మ్యాపింగ్ అనే విధానం భాగస్వాముల ప్రవర్తనలో మార్పును మూడు మెట్లుగా చూడమంటుంది: తప్పక కనిపించవలసినవి, కనిపిస్తే బాగుండేవి, కనిపిస్తే ఎంతో సంతోషించదగినవి.

ఇందులో పెద్ద చిక్కు డబ్బు దగ్గర వస్తుంది. నిధులు పై సంస్థ నుంచి చిన్న సంస్థకు వాయిదాల్లో అందుతాయి. తర్వాతి వాయిదా ఎవరి సంతకం మీద ఆధారపడి ఉందో, వారి ముందు తన పొరపాటును ఒప్పుకునే చిన్న సంస్థ అరుదు. భాగస్వాముల నుంచి నేర్చుకున్నారా అని ప్రశ్నావళిలో అడిగితే అందరూ అవుననే గుర్తు పెడతారు. ఆ అవును ఎంతవరకు నమ్మదగినదో తెలియాలంటే గణాంక శాస్త్రం రావాలి, ఎదుటి మనిషి మౌనాన్ని గమనించే ఓపికా ఉండాలి. మీ అమ్మాయి దగ్గర మొదటిది ఇప్పటికే ఉందన్న సంగతి మీ ఉత్తరంలో మీరే రాశారు, కానీ దాన్ని మీరే గమనించినట్టు లేరు.

ఇక మీరు నచ్చజెబుతున్న దారి సంగతి. డేటా సైన్స్ పేరుతో నడిచే చాలా కోర్సుల మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. అవి సాధనాలు నేర్పుతాయి. ఆ సాధనాలు కొద్ది ఏళ్లకే మారిపోతాయి, వాటితో చేసే మామూలు పనులను యంత్రాలే చేయడం మొదలుపెట్టాయి. అభివృద్ధి రంగంలోనూ ఇదే మోజు పట్టుకుంది. ప్రతి ప్రాజెక్టుకూ రంగురంగుల డ్యాష్‌బోర్డ్ కావాలంటున్నారు, అందులోకి వచ్చే అంకెను క్షేత్రంలో ఎవరు, ఎవరిని అడిగి, ఏ పరిస్థితిలో నింపారో చూసేవారు తక్కువ. నీళ్లు పట్టని మనిషిని అడిగి తెచ్చిన జవాబును ఎంత అందమైన గ్రాఫ్‌గా గీసినా అది తప్పు జవాబే. అందరూ వెళ్తున్న దారి కాబట్టి భద్రమైనదన్న మీ లెక్కను నేను ఒప్పుకోలేను.

అలాగని మీ అమ్మాయి ఆలోచనలోని రెండో సగాన్నీ పూర్తిగా సమర్థించను. క్షేత్రంలో ఒక్క రోజు కూడా పనిచేయకుండా, అప్పు తెచ్చుకుని విదేశీ పీజీలో చేరడం తొందరపాటు. అనుభవం ఉన్నవారే ఉద్యోగాలు కోల్పోయి మళ్లీ వెతుక్కుంటున్న కాలమిది. ముందు ఒక చిన్న సంస్థలో రెండేళ్లు సర్వేలు రూపొందించడం, ముఖాముఖిలు చేయడం, నివేదిక రాయడం నేర్చుకున్నాక ఆ పీజీ ఆమెకు నిజంగా ఉపయోగపడుతుంది. అప్పుడు ఏ కోర్సు కావాలో ఆమెకే తెలుస్తుంది.

మీరు అడిగిన పోలిక నేను పూర్తిగా చేయలేదు. అది నా చేతిలో లేదు, ఎందుకంటే మీ ఉత్తరంలో మీ భయం ఉంది, మీ లెక్క ఉంది, ఆమెకు ఈ పని మీద ఇష్టం ఎందుకు కలిగిందన్న సంగతి ఒక్క వాక్యంలోనైనా లేదు. నచ్చజెబుతున్నామని రాశారు. అడిగారా? ఇరవై ఏళ్లు పెంచిన బిడ్డ మనసులో ఏముందో కనుక్కోకుండా ఒక అపరిచితుడిని తీర్పు చెప్పమనడం సరికాదని చెప్పక తప్పదు. ఆమె దారి తప్పలేదు. గణాంకాలు తెలిసి, మనుషుల మాట వినాలన్న కోరిక ఉన్న అమ్మాయి ప్రభుత్వ శాఖల మధ్య, ఆసుపత్రుల సమూహాల మధ్య, పరిశోధన బృందాల మధ్య ఇదే పని చేయగలదు. నలుగురు కలిసి ఒక పని తలపెట్టిన ప్రతి చోటా ఒకరి నుంచి ఒకరు ఏమైనా నేర్చుకున్నారా అన్న ప్రశ్న ఉంటుంది, దాతలు తగ్గినంత మాత్రాన అది పోదు.

నిధులిచ్చే సంస్థలు చాలా వరకు తమ మూల్యాంకన నివేదికలను అందరికీ అందుబాటులో ఉంచుతాయి. ఈ వారంలో ఆమెను అలాంటి నివేదిక ఒకటి పూర్తిగా చదవమనండి. భాగస్వాములు ఏదైనా నేర్చుకున్నారని అందులో రాసిన ప్రతి చోటా, దానికి చూపిన రుజువు ఏమిటో పక్కన పెన్సిల్‌తో రాసుకోమనండి. అది విసుగనిపించిందో, ఇంకో నివేదిక కోసం వెతికేలా చేసిందో నాకు తెలియాలి. ఈసారి ఉత్తరం ఆమెనే రాయనివ్వండి.