అస్సాటీగ్‌లో పులిహోర, పోటు, 512 డాలర్లు

ప్రశ్న: మేము వర్జీనియా వచ్చి ఏడాదయింది. ఈ వేసవిలో మేరీలాండ్‌లోని అస్సాటీగ్ స్టేట్ పార్కులో రెండు రాత్రులు టెంటు వేసుకుని ఉందామని స్నేహితులు అంటున్నారు. ఆరేళ్ల పాప ఉంది. సముద్రం పక్కనే పడుకోవడం భయం కాదా? ఏమేం కొనాలి?

జవాబు: తమ్ముడూ, భయం సంగతి తరవాత. ముందు జేబు సంగతి. 2004లో అదే ఒడ్డున నాకు అక్షరాలా 512 డాలర్ల చేతిచమురు వదిలింది. అప్పట్లో డాలరు 45 రూపాయలు. లెక్క నువ్వే వేసుకో. నేను ఆ రాత్రే వేశాను, నిద్ర పట్టలేదు.

నాది బాపట్ల. సూర్యలంక ఇసుకలో దొర్లి పెరిగినవాడికి సముద్రం గురించి ఒకరు చెప్పేదేమిటని ధీమా. 30 డాలర్లు పెట్టి టెంటు కొన్నాను. దాంతో వచ్చిన మేకులు జానెడు కూడా లేవు. మట్టినేలకి సరిపోతాయేమో గానీ అక్కడంతా ఇసుకే. శుక్రవారం రాత్రి గాలి లేచేసరికి అన్నీ ఊడి వచ్చేశాయి. మా ఆవిడ ఒక మూల, బియ్యం సంచి ఒక మూల, మిగిలిన రెండు మూలలా సూట్‌కేసులు. తెల్లారేసరికి గుడ్డ చిరిగింది. ఇసుక కోసం అడుగున్నర మేకులు విడిగా అమ్ముతారు, అవి కొను. పిసినారితనం నాకూ ఉంది, కానీ అక్కడ పనికిరాదు.

పొద్దున్నే గుర్రం వచ్చింది. అస్సాటీగ్ ఒక దీవి, అందులో అడవి గుర్రాలు తిరుగుతుంటాయి, ఫోటోల్లో బాగుంటాయి. బల్ల మీద పెట్టిన స్టీలు గిన్నె మూతని మూతితో తోసేసి, పల్లీలతో సహా పులిహోర లాగించడం మొదలుపెట్టింది. మా ఆవిడ ‘హుష్’ అంటే తలెత్తి ఓసారి చూసింది, మళ్లీ తలొంచుకుంది. నవ్వకు. మనిషి తిండి వాటికి చేటు, పెడితే జరిమానా. 40 అడుగుల దూరం పాటించాలి. తిండంతా కారు డిక్కీలో పెట్టి తాళం వెయ్యి.

అసలు దెబ్బ ఆ మధ్యాహ్నం. రెండు గంటలకి బీచ్ బోలెడంత వెడల్పుగా ఉంది. తడి ఇసుక చల్లగా, గట్టిగా ఉంది కదా అని గొడుగు అక్కడే పాతి, చెప్పులూ ఫోనూ కారు తాళంచెవీ ఉన్న సంచి దానికి ఆనించాను. ఆ ఇసుక తడిగా ఎందుకుందో ఆలోచించలేదు! పిల్లాడితో గవ్వలేరుకుంటూ దూరం పోయి, నాలుగున్నరకి తిరిగొస్తే గొడుగు నీళ్లలో ఒరిగి ఉంది. సంచి లేదు. ఒక చెప్పు మాత్రం తేలుతోంది. చిప్పున్న తాళంచెవి చేయించడానికి 210, ఫోనుకి 80, చెప్పులకి 30, చిరిగిన టెంటులో పడుకోలేక దగ్గర్లోని ఓషన్ సిటీ ఊళ్లో మోటల్‌కి 162. శనివారం రేటు మరి. టెంటు 30 కూడా కలిపితే 512.

ఆ రోజు జులై 31, పున్నమి. ‘పున్నానికీ అమావాస్యకీ పోటు ఎక్కువరా’ అని మా నాన్న వెయ్యిసార్లు అన్నాడు. అమెరికాలో కూడా అదే చంద్రుడని నాకు తట్టలేదు. రోజుకి రెండు పోట్లు, సుమారు 12 గంటల 25 నిమిషాలకి ఒకటి. అంటే నిన్నటి టైముకి ఇవాళ 50 నిమిషాలు కలుపుకోవాలి. అక్కడ నీరు పెరిగేది మూడు నాలుగు అడుగులే అయినా, ఒడ్డు వాలు తక్కువ కాబట్టి చాలా లోపలికి వచ్చేస్తుంది. నోఆ (NOAA) అని అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ ఉంది, వాళ్ల వెబ్‌సైట్లో పోటు టైములు ఉచితంగా దొరుకుతాయి. ఎండిన నాచు, గవ్వలు గీతలా పేరుకున్న చోటు కనిపిస్తుంది, అది క్రితం పోటు ఆగిన హద్దు. దానికి పైనే కూర్చో.

టెంట్లకీ బీచ్‌కీ మధ్య ఇసుక దిబ్బలున్నాయి, మామూలు పోటు వాటిని దాటి రాదు. తుఫాను సూచన ఉంటే మాత్రం వెళ్లకు. 1962కి ముందు ఆ దీవిలో వేల ప్లాట్లు వేసి అమ్మారు, రోడ్డు కూడా పడింది. 1962 మార్చి తుఫాను రోడ్డునీ ఇళ్లనీ ఊడ్చేసింది. ప్లాట్ల పిచ్చి మనకొక్కళ్లకే కాదన్నమాట.

పాప ఉంది కాబట్టి ఒక మాట. పక్కనే నేషనల్ సీషోర్ (కేంద్ర ప్రభుత్వ పార్కు) వాళ్ల క్యాంపు కూడా ఉంది, అక్కడ స్నానానికి చన్నీళ్లే. స్టేట్ పార్కులో వేణ్ణీళ్లు వస్తాయి. పాపని లైఫ్‌గార్డు ఉన్నచోటే నీళ్లలోకి దించు. దీవికి అవతలి వైపు బురదనేలలు, అటునుంచి గాలి తిరిగితే దోమలు మనిషిని ఎత్తుకుపోతాయి. దోమల మందు ఇక్కడే కొనుక్కెళ్లు, అక్కడి దుకాణంలో ఎక్కువ. కట్టెలు మాత్రం అక్కడివే కొనాలి, ఇంటి నుంచి తీసుకెళ్తే చెట్లని తినే పురుగులు కూడా వెంట పోతాయి. బుకింగ్, రద్దు నియమాలు పార్కు సైట్లో ఉన్నాయి, చదువుకో.

కిరాణా కొట్టువాళ్లు ఊరికే ఇచ్చిన తెలుగు క్యాలెండర్ మీ వంటింట్లో వేలాడుతూనే ఉంటుంది కదా, తేదీ ఖాయం చేసేముందు అందులో పున్నమి ఎప్పుడో చూసుకో. కారు తాళంచెవి మెడలో వేసుకో. 210 అన్నది అప్పటి మాట.