చదవడం వచ్చిన పిల్లకూ కథ చదివి వినిపించాలా?

ప్రశ్న: మా పాపకు ఏడేళ్లు, రెండో తరగతి. తనే చదువుకోగలదు. అయినా రాత్రి పక్క మీదికి చేరగానే పుస్తకం తెచ్చి నా చేతిలో పెడుతుంది. ఇలా చదివి వినిపిస్తే బద్ధకం అలవాటవుతుందని మా అత్తగారు అంటారు. బాబుకు ఏడాదిన్నర. పుస్తకం ఇస్తే చింపుతాడు, ఫోనులో కథ పెడితే కదలకుండా చూస్తాడు. మాటలు అయిదారే వచ్చాయి. వీళ్లకు ఇంకా నేనే చదవాలా?
- ఒక తల్లి, ఖమ్మం

జవాబు: చదవండి, ఇద్దరికీ. కాకపోతే ఇద్దరికీ ఒకే తీరులో కాదు.

రెండో తరగతి పిల్లలు చాలామంది ఇంకా కూడబలుక్కునే చదువుతారు. ఒత్తులు, గుణింతాలు పోల్చుకోవడానికే శ్రమంతా పోతుంది. వాక్యం చివరికి వచ్చేసరికి మొదట ఏముందో జారిపోతుంది. అదే కథను మీరు చదివితే హాయిగా అర్థం చేసుకుంటారు. విని గ్రహించే శక్తి చదివి గ్రహించే శక్తి కన్నా ముందుండటం ఈ వయసులో సహజం. ప్రాథమిక తరగతులు దాటాక కూడా కొన్నాళ్లు ఈ తేడా ఉంటుంది. కాబట్టి సులువైన పుస్తకాలు పాపకు వదిలేసి, తనకు కాస్త కష్టమనిపించేవి మీరు చదవండి. ఇంట్లో మనం మాట్లాడుకోని మాటలు ఎన్నో అక్కడే చెవిన పడతాయి.

బద్ధకం సంగతి నేను ఒప్పుకోను. పిల్లలకు పుస్తకమంటే విసుగు పుట్టేది మనం మధ్యలో ఆపి స్పెల్లింగులు, నీతులు అడిగినప్పుడు. అత్తగారిని కూడా ఈ పనిలోకి దించండి. ఆవిడకు పుస్తకం అక్కర్లేదు, తనకు వచ్చిన కథ నోటితో చెబితే చాలు.

బాబు విషయానికి వద్దాం. ఆ వయసులో చింపడం, నోట్లో పెట్టుకోవడం మామూలే. దళసరి అట్టల బొమ్మల పుస్తకం ఇవ్వండి. కథ వరుసగా చదవనక్కర్లేదు, రెండు మూడు నిమిషాలు కూర్చున్నా గొప్పే. బొమ్మ చూపి ‘కుక్క ఏదీ?’ అని అడిగి ఆగండి. వాడు వేలు పెట్టినా, ‘భౌ’ అన్నా అది జవాబే. ‘అవును, నల్ల కుక్క’ అని మీరు ఇంకో మాట చేర్చండి. మాటలు వచ్చేది ఈ ఇచ్చిపుచ్చుకోవడంలోనే. ఫోను వాడి జవాబు కోసం ఆగదు. కదలకుండా చూస్తున్నాడంటే కథ వింటున్నాడని కాదు. ఏడాది వయసు పిల్లలకు స్క్రీన్ వద్దని, కూర్చోబెట్టినప్పుడు కథలు చెప్పమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే సూచించింది. మన దేశంలోని పిల్లల వైద్యుల సంఘం కూడా రెండేళ్ల లోపు స్క్రీన్ వద్దంటోంది. ఊళ్లో ఉన్న తాతయ్యతో అప్పుడప్పుడు వీడియో కాల్‌కు మాత్రం మినహాయింపు ఉంది.

ఏడాదిన్నరకు అయిదారు మాటలంటే ఇప్పుడే కంగారు పడనక్కర్లేదు. పేరు పెట్టి పిలిస్తే తిరుగుతున్నాడా, కావలసినది వేలితో చూపుతున్నాడా, ‘బంతి తే’ అంటే తెస్తున్నాడా గమనించండి. వీటిలో ఏది లేకపోయినా, వచ్చిన మాటలు పోతున్నా ఆలస్యం చేయకుండా పిల్లల వైద్యుడికి చూపించండి. రెండేళ్లు నిండినా ‘అమ్మ రా’, ‘పాలు కావాలి’ లాంటి రెండు మాటలు కలపకపోతే, మిగతా అంతా బాగున్నట్టే కనిపించినా ముందు వినికిడి పరీక్ష చేయించండి. జిల్లా ప్రభుత్వ ఆసుపత్రులకు అనుబంధంగా ఉండే డీఈఐసీ (పిల్లల ఎదుగుదల లోపాలను ముందే గుర్తించి సాయపడే) కేంద్రాల్లో ఇలాంటి పిల్లలను ఉచితంగా చూస్తారు.