సామాన్లు లెక్కపెట్టాకే బండి మాట్లాడు

రాజమండ్రి

చిరంజీవి ప్రవీణ్‌ని మామయ్య ఆశీర్వదించి రాసేది.

నిన్న అక్క ఫోన్ చేసింది. బావగారి షష్టిపూర్తి అయ్యాక డిసెంబర్ రెండో వారంలో అందరూ కలిసి గోవా వెళ్తున్నారనీ, బండ్ల సంగతంతా నీ నెత్తిన పెట్టారనీ చెప్పింది. నీ మెసేజీ కూడా చూశాను. "మామయ్యా, పదహారు మందిమి, మూడు ఇన్నోవాలు చాలవా?" అని అడిగావు. ఫోన్‌లో చెబితే ఊఁ ఊఁ అంటూ సగం మర్చిపోతావు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. ముప్పై ఐదేళ్లు బండ్లు తిప్పి, పెళ్లివారినీ తీర్థయాత్రల వాళ్లనీ మోసినవాణ్ణి కదా, ఈ ఒక్క విషయంలో నా మాట విను.

నువ్వు మనుషుల్ని లెక్కపెట్టావు, సామాన్లు లెక్కపెట్టలేదు. మనిషైతే సర్దుకుంటాడు. పెద్ద సూట్‌కేసు సర్దుకోదు. ఎంత బతిమాలినా డిక్కీ తలుపు పడదు.

ఈ మాట నాకు ఊరికే తెలియలేదు. ఒకసారి భీమిలి దగ్గర బీచ్ రిసార్టులో పెళ్లి. మగపెళ్లివారు పన్నెండు మంది విశాఖ విమానాశ్రయంలో దిగుతున్నారు. తలకో సీటు చొప్పున రెండు ఇన్నోవాలు పెట్టాను. వాళ్లేమో పదహారు పెద్ద పెట్టెలతో బయటికొచ్చారు, స్వీట్ల అట్టపెట్టెలు వేరే. ఎండలో అరగంట కుస్తీ పట్టి, చివరికి ఒక ట్రాలీ ఆటో పిలిచి, సామానంతా అందులో వేసి, రిసార్టు పేరు చెప్పి పంపేశాను. అది నేను చేసిన రెండో తప్పు. ఆ రోడ్డు మీద ఇంచుమించు అదే పేరుతో ఇంకోటి ఉంది. ఆటో అతను అక్కడ సామాను దించేసి, చక్కా పోయాడు. పెళ్లికొడుకు నాయనమ్మ బీపీ మాత్రలు ఆ పెట్టెల్లోనే ఉన్నాయి. సామాను దొరికేసరికి రెండు గంటలు పట్టింది, నా తల ప్రాణం తోకకొచ్చింది. ఆ పెద్దావిడ నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు.

అందుకని ముందు చెయ్యాల్సిన పని ఇది. మీ వాట్సాప్ గ్రూపులో ఒక్కో ఇంటినీ పేరుపెట్టి అడుగు: పెద్ద పెట్టెలు ఎన్ని, చేతి సంచులు ఎన్ని, వంకరటింకర సామాను ఏముంది. వంకరటింకర అంటే పిల్లల తోపుడు బండి, మీ నాన్నమ్మగారి వాకర్, రైస్ కుక్కర్, జంతికల డబ్బా. "సామాన్లు ఎన్ని?" అని ఊరికే అడిగితే "రెండేరా" అంటారు. మన వాళ్లు రెండే అంటే మూడని అర్థం. ఇంటికి ఒకటి కలిపి రాసుకో. దేశంలో తిరిగే విమానాలకి తలకి 15 కిలోల చెకిన్ సామాను, 7 కిలోల చేతి సామాను మామూలు లెక్క కదా, ఉచితంగా వస్తుందంటే మనం ఖాళీగా వెళ్లం.

ఇప్పుడు నీ మూడు ఇన్నోవాల సంగతి. ఏడు సీట్ల ఇన్నోవా అంటే డ్రైవర్‌తో కలిపి ఏడు. అంటే ఆరుగురు. మూడో వరస సీట్లు ఎత్తి ఆరుగుర్నీ కూర్చోబెడితే వెనక మిగిలే చోటు రెండు మూడు చేతి సంచులకి చాలు, అంతే. ఎర్టిగా అయితే మరీ ఇరుకు. మూడో వరస ఎత్తి ఉంటే దాని డిక్కీ 209 లీటర్లే. సీఎన్‌జీ బండి అయితే డిక్కీలో సిలిండర్ కూడా కూర్చుంటుంది, అది అడక్కుండా డిజైర్ లాంటి చిన్న కార్లు మాట్లాడుకోకు. సామానుతో హాయిగా వెళ్లాలంటే ఇన్నోవాకి నలుగురు. ఆ లెక్కన నీకు నాలుగు ఇన్నోవాలు కావాలి. నాలుగు బండ్లంటే నలుగురు డ్రైవర్లు, నాలుగు ఫోన్లు, "మీరెక్కడున్నారు" అని నలభై కాల్స్.

అసలు ఆ లెక్క కంటే ముందు ఇంకోటి చూడాలి. మీ టికెట్లు ఎక్కడికి? గోవాకి రెండు విమానాశ్రయాలున్నాయి. పాతది దబోలిం, నౌకాదళం స్థావరంలో ఉన్నది, వాస్కో పక్కన. టికెట్ మీద కోడ్ జీఓఐ అని ఉంటుంది. కొత్తది మోపా, ఉత్తరాన మహారాష్ట్ర సరిహద్దు దగ్గర. మనోహర్ పరీకర్ పేరు పెట్టారు, 2023 జనవరి నుంచి విమానాలు దిగుతున్నాయి. మన శంషాబాద్ విమానాశ్రయం నడిపే జీఎంఆర్ వాళ్లే దాన్నీ కట్టారు. దాని కోడ్ జీఓఎక్స్. అక్క పంపిన కాగితాలు చూశాను. హైదరాబాద్ నుంచి వచ్చే పదమూడు మందీ మోపాలో దిగుతున్నారు. బెంగళూరు నుంచి చెల్లి వాళ్లు ముగ్గురు దబోలింలో. రిసార్టేమో దక్షిణాన బెనాలిం. దబోలిం నుంచి బెనాలిం పాతిక, ముప్పై కిలోమీటర్లు. మోపా నుంచి 70కి అటూఇటూ. టికెట్‌లో మిగిలిందనుకున్న డబ్బులో కొంత టాక్సీకే పోతుందన్నమాట. సరే, కొనేశారు, ఇక దాని గురించి ఇంట్లో ఎవరి దగ్గరా ఎత్తకు, బావగారికి కోపం వస్తుంది.

చెల్లి వాళ్లని ఎక్కించుకుంటూ పోదామని మీవాళ్లలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఒప్పుకోకు. మీరు మోపా నుంచి మాపుసా, పణజి మీదుగా జువారి వంతెన దాటి వెర్ణా, మడ్గావ్ వైపు వెళ్తారు. దబోలిం ఆ దారిలో లేదు, పడమరగా పక్కకి తిరిగి మళ్లీ వెనక్కి రావాలి. ఇక విమానం ఆలస్యమైతే పదమూడు మందీ పార్కింగ్‌లో కూర్చోవాలి. వాళ్లు ముగ్గురే కాబట్టి బయటికొచ్చే ముందు ప్రీపెయిడ్ టాక్సీ కౌంటర్లో డబ్బు కట్టి, చీటీ తీసుకుని వచ్చేస్తారు.

హైదరాబాద్‌లో లాగా ఫోన్ తీసి ఓలా, ఉబర్ నొక్కుదామనుకోవద్దు, గోవాలో వాటి మీద ఆశ పెట్టుకోకు. గోవామైల్స్ అని ఒక యాప్ 2018 నుంచి ఉంది. విమానాశ్రయం నుంచి రావడానికి అది బాగానే పనికొస్తుంది. రిసార్టు నుంచి తిరిగి వెళ్లేటప్పుడు మాత్రం దాన్ని నమ్ముకోవద్దు. అక్కడి స్టాండ్ టాక్సీల వాళ్లకీ యాప్ బండ్లకీ ఎప్పట్నుంచో పడదు, మధ్యలో మనం ఇరుక్కుంటాం. కదంబ అని వాళ్ల ఆర్టీసీ ఉంది, మోపా నుంచి పణజికీ మడ్గావ్‌కీ బస్సులు వేస్తుంది. నువ్వూ నీ స్నేహితులూ అయితే నేనే ఎక్కమనేవాణ్ణి. మోకాళ్ల నొప్పులున్న నాన్నమ్మగారితో, ఇద్దరు చంటిపిల్లలతో వద్దు.

కాబట్టి నా మాట ఇది. పదమూడు మందికి ఒకే టెంపో ట్రావెలర్ మాట్లాడు. పదమూడు మందికి పన్నెండు సీట్లది చాలదు, 17 సీటర్ అడుగు. చివరి వరస మొత్తం సామాన్లకి వదిలెయ్యాలి. పైన కారియర్ ఉందేమో అడుగు. లేకపోతే 20 సీటర్ తీసుకో, తేడా ఎంతో ఉండదు. నువ్వు లెక్క తేల్చేదాకా నా అంచనా పదమూడు పెద్దవి, తొమ్మిది చిన్నవి, మొత్తం ఇరవై రెండు అనుకుందాం. నడిచే దారిలో, తలుపు దగ్గర పెట్టెలు పేర్చనివ్వకు. బ్రేకు వేస్తే పైన పెట్టింది వచ్చి ముసలావిడ ఒళ్లో పడుతుంది.

బండి బయటి ఫోటో అందరూ పంపుతారు, అద్దంలా తుడిచి. నువ్వు వెనక తలుపు తెరిచి తీసిన ఫోటో అడుగు. అది చూస్తే నీకే అర్థమైపోతుంది. నంబర్ ప్లేటు కూడా చూడు. పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలుంటేనే అది కిరాయి బండి. తెల్ల ప్లేటు సొంత బండి తక్కువకి వస్తానంటే వద్దను. దారిలో ఏదన్నా అయితే ఇన్సూరెన్స్ దగ్గర తగాదా వస్తుంది.

రేటు మాట్లాడేటప్పుడు ఒక్క అంకె విని సరే అనకు. టోల్, పార్కింగ్, డ్రైవర్ బత్తా, రాత్రి చార్జీ, విమానం ఆలస్యమైతే వెయిటింగ్, ఇవన్నీ అందులో ఉన్నాయా లేవా అని అడిగి, ఆ జవాబు మెసేజీలో రాయించుకో. ఒకసారి ఒక ట్రావెల్స్ వాళ్లు నాకు మాటల్లో అన్నీ కలిపే అన్నారు, దిగాక ఒక్కోటీ విడదీసి వసూలు చేశారు. కాగితం లేదు కాబట్టి నోరు మూసుకుని కట్టాను. నేనూ అదే వ్యాపారంలో ఉండి! అడ్వాన్స్ కొంచెమే పంపు. టైము కాదు, విమానం నంబర్ ఇవ్వు, ఎంత ఆలస్యమైందో వాళ్లే ఫోన్‌లో చూసుకుంటారు. ముందురోజు రాత్రి డ్రైవర్‌తో నువ్వే స్వయంగా మాట్లాడు. ఆఫీసు వాడితో మాట్లాడటం వేరు, స్టీరింగ్ పట్టేవాడితో మాట్లాడటం వేరు.

రిసార్టుకి ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడుగు: టెంపో మీ గేటు దాకా వస్తుందా? దక్షిణ గోవా ఊళ్లలో సందులు ఇరుకు, పైన కొబ్బరి మట్టలు, కరెంటు తీగలు. కారియర్ మీద సామానున్న బండి కొన్నిచోట్ల పట్టదు. రాదంటే మెయిన్ రోడ్డు దగ్గరికి మనిషినీ తోపుడు బండినీ పంపమను. గదులు చాలాచోట్ల మధ్యాహ్నం రెండింటికి గానీ ఇవ్వరు. మీరు పన్నెండుకే చేరతారు. అందుకని మందులు, పిల్లల పాలసీసాలు, ఒక జత బట్టలు ఒక్క సంచిలో పెట్టి చేతిలోనే ఉంచుకోండి, పెద్ద పెట్టెలు రిసెప్షన్ దగ్గర వదిలెయ్యొచ్చు.

సామాను సర్దేటప్పుడు ఊరగాయ సీసాలు చెకిన్‌లో వెయ్యాలి, రెండు కవర్లు చుట్టి. పవర్ బ్యాంకులు చేతి సంచిలోనే. పూజ కోసం అక్క ఎండు కొబ్బరి పెట్టేలా ఉంది, తీయించెయ్, విమానంలో ఒప్పుకోరు. ప్రతి పెట్టెకీ ఒకే రంగు గుడ్డ ముక్క కట్టి, ఒకటి నుంచి ఇరవై రెండు దాకా నంబర్లు అంటించు. పిల్లలకి ఆ పని ఇస్తే సంతోషంగా చేస్తారు.

మోపాలో దిగాక అందరూ సామాన్లొచ్చే బెల్టు చుట్టూ గుమిగూడకండి. కాళ్లు చురుకైనవాళ్లు ఇద్దరు బెల్టు దగ్గర, ఒకరు ట్రాలీల దగ్గర, మిగతావాళ్లు పెద్దవాళ్లతో కుర్చీల్లో. నాన్నమ్మగారికి వీల్‌చైర్ ఇప్పుడే విమానం వాళ్లకి చెప్పి పెట్టు, వాళ్ల మనిషే బయటి దాకా తోసుకొస్తాడు. ఇరవై రెండూ వచ్చాయని గట్టిగా పైకి లెక్కపెట్టాకే గుమ్మం దాటండి. ఒకసారి బయటికొచ్చాక పెట్టె మర్చిపోయామని మళ్లీ లోపలికి పోవాలంటే సెక్యూరిటీ వాళ్లు అంత సులువుగా పోనివ్వరు.

కారియర్ మీద ఎక్కించేటప్పుడు నువ్వు పక్కనే నిలబడు. బరువైనవి కింద, చక్రాలు లోపలివైపు, తాడు ప్రతి పెట్టె పిడిలోంచి పోవాలి. డిసెంబర్ కాబట్టి వాన భయం లేదు గానీ దుమ్ము ఉంటుంది, పట్టా కప్పమను. ఏ కారణం చేతనైనా సామాన్లకి వేరే బండి పెట్టాల్సి వస్తే, అందులో మనవాడు ఒకడు కూర్చోవాలి. భీమిలి సంగతి చెప్పాను కదా.

దారి గంటన్నర, రెండు గంటలు. పోర్వోరిం దగ్గర సాయంత్రాలు రద్దీగా ఉంటుంది. జువారి దగ్గర ఒకప్పుడు పాత వంతెన మీద గంట గంట ఆగిపోయేవాళ్లం. ఇప్పుడు తీగల వంతెన 2022 డిసెంబర్లో ఒకవైపు, మరుసటి డిసెంబర్లో రెండోవైపు తెరిచారు. పిల్లల్ని ఎడమా కుడీ చూడమను, చాలా బాగుంటుంది.

తిరుగు ప్రయాణానికీ అదే టెంపో ఇప్పుడే మాట్లాడేసుకో. దేశంలో విమానాలకి చెకిన్ కౌంటర్ గంట ముందే మూసేస్తారు. 70 కిలోమీటర్లు, పదమూడు మంది, స్నానాలు, టిఫిన్లు. విమానానికి నాలుగున్నర గంటల ముందు రిసార్టు గేటు దగ్గర బండి కదలాలి. అందరికీ ఐదు గంటలని చెప్పు. వెళ్లేటప్పుడు ఇరవై రెండు పెట్టెలుంటే వచ్చేటప్పుడు జీడిపప్పు పొట్లాలతో ఇరవై ఐదవుతాయి, ఆ మూడింటికీ ఇప్పుడే చోటు చూసిపెట్టు.

బండి కుదరగానే వెనక తలుపు ఫోటో నాకు పంపు, చూసి చెబుతాను. అన్నట్టు, మీ అమ్మ ఎర్ర సూట్‌కేసుకి పోయినసారి తిరుపతిలో ఒక చక్రం ఊడింది. బాగుచేయించిందో లేదో కనుక్కో.

మీ మామయ్య